చక్కెర చిలుకల రంగు

చెరువుగట్టు జాతర చూసిన నల్గొండ వాళ్లకు చక్కెర చిలుకలను గురించి వేరుగా చెప్పనక్కరలేదు. మాఘమాసంలో, నార్కట్‌పల్లి దగ్గరి గుట్ట మీద జడల రామలింగేశ్వరస్వామికి బ్రహ్మోత్సవాలు జరిగే రోజుల్లో, కింద దారికి ఇరువైపులా మిఠాయి దుకాణాలు వెలిసేవి. చెక్క అచ్చుల్లో పాకం పోసి తీసిన చిలుకలు, ఏనుగులు, గుర్రాలు పరిచిన గుడ్డల మీద బారులు తీరి ఉండేవి. కొన్ని గులాబీ, కొన్ని పసుపు, కొన్ని ఆకుపచ్చ. వాటి రుచిలో రవ్వంత తేడా ఉండదు, అన్నీ చక్కెరే. అయినా గులాబీ చిలుక కోసం ఏడ్చిన పిల్లవాడి చేతిలో పసుపు చిలుకను పెట్టి ఊరుకోబెట్టడం ఎవరి తరమూ కాదు.

మా మేనమామ అలాంటి దుకాణదారుల్లో ఒకడు. మిగిలిన రోజుల్లో ఊరూరి అంగళ్లకు తిరిగేవాడు, జాతరలకు మాత్రం బండి కట్టుకుని వారం ముందే వెళ్లేవాడు. ఆయన రంగు కొనే దుకాణం నాకు బాగా గుర్తు. పట్టణంలో నూలుకు వేసే అద్దకపు రంగులు అమ్మే కొట్టు అది. చేనేత వాళ్లు పెద్ద పొట్లాలు కట్టించుకుని వెళ్తుంటే, మామ అగ్గిపెట్టెడంత చిన్న పొట్లం తీసుకునేవాడు. "ఇంత చిటికెడు చాలు, ఆనెడు పాకం ఎర్రగైతది" అని గర్వంగా చెప్పేవాడు. అది తినే రంగా, నేసే రంగా అని అడగాలన్న ఆలోచన అప్పుడు మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడనుకుంటాను, జాతరలో మామ పక్కన కూర్చుని గులాబీ చిలుకలు మూడో నాలుగో తిన్నాను. చీకటి పడేసరికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, పెదవులు వాచాయి, ఊపిరి ఈల వేసినట్టు వినబడసాగింది. అమ్మమ్మ గాలి సోకిందని గొంగడి కప్పి పడుకోబెట్టింది. తెల్లవారి పట్టణంలో ఒక డాక్టరు దగ్గరకు తీసుకుపోతే ఆయన అవిల్ బిళ్ల ఇచ్చి, నెత్తురు పరీక్షకు రాశాడు. కాగితం చూసి, "ఇస్నోఫిల్స్ జర ఎక్కువున్నయి, ఈయనకు ఏదో పడతలేదు" అన్నాడు. ఆ ఇస్నోఫిల్స్ అనే మాట మా ఇంట్లో ఏళ్ల తరబడి తిరిగింది. తుమ్మితే ఇస్నోఫిల్స్, దగ్గితే ఇస్నోఫిల్స్.

గత సంవత్సరం మా చెల్లెలి కొడుకుకు, ఒక పుట్టినరోజు పండుగ తరువాత, అచ్చం ఇలాగే దద్దుర్లు వచ్చాయి. ఆమె నన్ను ఫోనులో ఒకే మాట అడిగింది: "అన్నా, రంగు వల్లనేనా?" ఆ ప్రశ్నకు సరైన సమాధానం వెతుకుతూ పోతే అది నన్ను పుట్టపాక మగ్గాల మీదుగా జర్మనీ రంగుల కార్ఖానాలకూ, అక్కడి నుంచి మళ్లీ మన హైదరాబాదు తార్నాకకూ తీసుకువెళ్లింది. ఆ తిరుగుడంతా ఇక్కడ రాసిపెడుతున్నాను. రసాయనశాస్త్రం కొంచెం తగులుతుంది, మిత్రులు మన్నించాలి.

పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది కాని 2016 దాకా అది నల్గొండ జిల్లా ఊరే. అక్కడి తేలియా రుమాలు గురించి చాలామందికి తెలిసే ఉంటుంది. చీరాలలో పేరుపొంది, పుట్టపాకలో నిలబడిన నేత అది. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలోనూ పలుమార్లు నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, ఆ తరువాత ఎరుపు, నలుపు రంగులు అద్దుతారు. రుమాలుకు ఆ నూనె వాసన చాలాకాలం వదలదు, పేరు కూడా దాని నుంచి వచ్చిందే. ఒకనాడు అరబ్బు దేశాలలో తలపాగాలుగా చుట్టుకున్నారు వాటిని. ఆ నేతను నిలబెట్టిన గజం గోవర్ధన్ గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది, 2020లో ఆ రుమాలుకు భౌగోళిక గుర్తింపూ దక్కింది.

పాతకాలంలో తెలుగు నేల మీద ఎరుపుకు చిరివేరు ఆధారం. తరువాత ఆ స్థానంలోకి జర్మనీ నుంచి అలిజరిన్ వచ్చింది. ఈ మార్పు వెనుక ఒక చిత్రమైన కథ ఉంది. 1856లో లండనులో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు మలేరియాకు మందైన క్వినైన్‌ను తారు నుంచి తయారు చేయబోయి విఫలుడయ్యాడు. గాజు గిన్నె అడుగున మిగిలిన నల్లటి మడ్డిని కడుగుతుంటే ఊదారంగు వచ్చింది. ఆ మడ్డి నుంచే ప్రపంచంలోని కృత్రిమ రంగుల పరిశ్రమ పుట్టింది. 1868లో గ్రేబే, లీబర్మన్ అనే ఇద్దరు జర్మన్లు, వేళ్లలో దొరికే ఎరుపైన అలిజరిన్‌నే తారు నుంచి తయారు చేశారు. దాన్ని కార్ఖానాకు ఎక్కించిన వాడు బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ రసాయనవేత్త హైన్రిక్ కారో. 1869 జూన్‌లో కారో, గ్రేబే, లీబర్మన్ ముగ్గురూ కలిసి పేటెంటుకు దరఖాస్తు పెట్టిన మరునాడే పెర్కిన్ కూడా పెట్టాడు. ఒక్కరోజు తేడా!

కారో పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

ఈ తారు రంగులు బట్టల మీద ఎంత త్వరగా పరుచుకున్నాయో ఆహారంలోకీ అంత త్వరగా దిగాయి. అంతకు ముందు కూడా మిఠాయి వాళ్లు రంగులు వేసేవాళ్లే. 1820లో లండనులో ఫ్రెడరిక్ ఆక్కమ్ రాసిన కల్తీల పుస్తకంలో సీసపు ఎరుపు, రాగి పచ్చ వేసిన మిఠాయిల ప్రస్తావన ఉంది. వాటితో పోలిస్తే తారు రంగులు దేవుడిచ్చిన వరంలా కనిపించాయి. చిటికెడు వేస్తే చాలు, పాకం మరిగినా విరగవు, రుచి మారదు, అన్నిటికీ మించి చవక. పాకంలో వేసే రంగు ఆ వేడికి తట్టుకోవాలి. మోదుగుపూల రంగు హోలీకి చల్లుకోవడానికి ఎంత బాగుంటుందో, మరిగే పాకంలో అంత నిలవదు. మా మామకు ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు, చేయి చెప్పింది.

1906లో అమెరికా తొలి ఆహార చట్టం చేసినప్పుడు అక్కడి బజారులో దాదాపు ఎనభై రంగులు తిండిలో వాడుకలో ఉన్నాయి. బెర్న్‌హార్డ్ హెస్ అనే రసాయనవేత్త వాటిని జల్లెడ పట్టి ఏడింటిని మాత్రమే మిగిల్చాడు. ఆ ఏడింటిలోనూ ఒకటైన ఆరెంజ్-1 వల్ల 1950లో హాలోవీన్ మిఠాయిలు తిన్న పిల్లలు జబ్బుపడ్డారు, ఆ తరువాత దానినీ తీసివేశారు. మన దేశంలో ఆహార కల్తీ నిరోధక చట్టం 1954లో వచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ అనుమతించిన కృత్రిమ రంగుల జాబితా కుదించుకుపోయి, 2011 నిబంధనల నాటికి ఎనిమిదయింది: పాన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్, టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ, ఫాస్ట్ గ్రీన్. సాధారణంగా కిలో తినుబండారంలో 100 మిల్లీగ్రాములకు మించకూడదన్నారు. మా మామ కొన్న పొట్లం మీద వీటిలో ఏ పేరూ రాసి ఉండేది కాదు.

ఇక ఈ రంగులకూ రోగనిరోధక వ్యవస్థకూ సంబంధం. దీన్ని వెతుకుతున్నప్పుడు నాకు ఎదురైన విషయం ఒకటి నన్ను నిజంగా నివ్వెరపరచింది. రంగులు రోగనిరోధక వ్యవస్థను ఏం చేస్తాయన్న ప్రశ్న తరువాతిది. ఆ వ్యవస్థ ఒకటుందని మనకు చూపించిందే ఈ తారు రంగులు!

పాల్ ఎర్లిక్ అని ఒక జర్మన్ వైద్యుడు. విద్యార్థిగా ఉన్నప్పటి నుంచి అతని చేతులు ఎప్పుడూ రంగులతో నిండి ఉండేవట. 1878లో, ఇరవైనాలుగేళ్ల వయసులో, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసం కణజాలాలకు రంగులు అద్దడం గురించే. ఆ అద్దకంలో అతనికి కొన్ని కణాలు వింతగా, రేణువులతో క్రిక్కిరిసి కనిపించాయి. బాగా మేసి బలిసిన కణాలనుకుని వాటికి 'మాస్ట్' కణాలని పేరు పెట్టాడు. వాటి అసలు పని డెబ్బయి అయిదేళ్ల దాకా తెలియలేదు. ఆ రేణువుల్లో ఉన్నది హిస్టమిన్ అని 1953 ప్రాంతంలో రైలీ, వెస్ట్ అనే ఇద్దరు నిరూపించారు. చర్మం కింద మాస్ట్ కణాలు పగిలి ఆ హిస్టమిన్ బయటపడితే రక్తనాళాలు వదులవుతాయి, నీరు ఊరుతుంది, దురద పుడుతుంది, దద్దు లేస్తుంది. ఆ రాత్రి గొంగడి కింద నా ఒంటి మీద జరిగింది ఇదే.

1879లో ఎర్లిక్ మరో రంగు తీసుకున్నాడు. దాని పేరు ఈయోసిన్. గ్రీకు ఉషాదేవి పేరు మీద పెట్టిన పేరు, తెల్లవారుజామున తూర్పున కనిపించే ఎరుపు దానిది. తయారు చేసింది ఎవరనుకున్నారు? మన హైన్రిక్ కారోనే, అదే కంపెనీలో, 1870లలో. ఆ రంగును నెత్తుటి చుక్కకు అద్దితే కొన్ని తెల్లకణాలు దాన్ని ఆత్రంగా పీల్చుకుని ఎర్రబడ్డాయి. ఈయోసిన్ అంటే ప్రీతి గలవి కనుక ఈయోసినోఫిల్స్ అన్నాడు. మా డాక్టరుగారి నోట్లో, అక్కడి నుంచి మా అమ్మమ్మ నోట్లో, 'ఇస్నోఫిల్స్' అయినది ఆ మాటే.

ఇంకొక్క మెట్టు ఎక్కాలి. ఫ్లోరెసిన్ అనే అణువుకు నాలుగు బ్రోమిన్ పరమాణువులు తగిలిస్తే ఈయోసిన్. బ్రోమిన్‌కు బదులు నాలుగు అయోడిన్‌లు తగిలిస్తే ఎరిత్రోసిన్, అంటే మన చట్టం మిఠాయిలకు అనుమతించిన గులాబీ రంగు. ఇవి అక్కాచెల్లెళ్లు. గులాబీ చిలుక తిని జబ్బుపడ్డ పిల్లవాడి నెత్తుటిలో జబ్బు గుర్తును చూడడానికి అదే కుటుంబపు రంగు అద్దారన్నమాట. ఆ పరీక్ష కాగితం నా దగ్గర ఇప్పుడు లేదు. ఉంటే చట్రం కట్టించి గోడకు పెట్టుకునేవాణ్ణి.

ఎర్లిక్‌కు 1908లో నోబెల్ వచ్చింది. ఆ తరువాతి అంకం కార్ల్ లాండ్‌స్టైనర్‌ది. రక్తం గ్రూపులు కనుగొన్నవాడిగా ఆయనను బడిలో చదువుకున్నాం. 1917 నుంచి ఆయన చేసిన పని గురించి మాత్రం అంతగా వినలేదు. టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో వంటి రంగుల్లో రెండు నైట్రోజన్ పరమాణువుల జంట ఒకటి వంతెనలా ఉంటుంది, దాన్ని అజో బంధం అంటారు. లాండ్‌స్టైనర్ ఆ వంతెననే వాడుకుని చిన్న చిన్న రసాయనాలను మాంసకృత్తులకు అతికించి, కుందేళ్లకు ఎక్కించాడు. ఒంటరిగా ఉన్నప్పుడు శరీరం పట్టించుకోని చిన్న అణువు, మాంసకృత్తు భుజమెక్కి వస్తే మాత్రం పరాయిదిగా గుర్తింపబడుతుందనీ, దాని మీద ప్రతిరక్షకాలు పుడతాయనీ చూపించాడు. అలాంటి అణువుకు హాప్టెన్ అని పేరు పెట్టాడు. ఇంత చిన్న రంగు అణువు ఒంట్లో ఇంత గోల ఎలా చేయగలదన్న సందేహానికి ఒక సమాధానం అలా వందేళ్ల కిందటే, రంగుల రసాయనం నుంచే దొరికింది.

అయితే చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 1959లో స్టీఫెన్ లాకీ అనే అమెరికా వైద్యుడు, పసుపురంగైన టార్ట్రజిన్ వల్ల అలర్జీ వచ్చిన రోగుల గురించి రాశాడు. వాళ్లు మింగిన మందుబిళ్లల పూతలోనే ఆ రంగు ఉంది! అప్పటి నుంచి దద్దుర్లకూ ఉబ్బసానికీ టార్ట్రజిన్ పేరు తరచుగా వినబడుతూ వచ్చింది. కాని చాలామంది రోగులలో దానికి ప్రత్యేకమైన ప్రతిరక్షకాలు కనబడలేదు. వేరుశనగ పడనివాడికి జరిగినట్టు, ముందు గుర్తుపట్టి తరువాత దాడిచేసే పద్ధతి కాకుండా, రంగు ఏదో అడ్డదారిన మాస్ట్ కణాలను కదిలిస్తుందని వైద్యుల అభిప్రాయం. అందుకే దీన్ని నిజమైన అలర్జీ అనకుండా అలర్జీ వంటిది అంటారు. చర్మం మీద గుచ్చి చేసే పరీక్షలు దీన్ని నమ్మకంగా పట్టివ్వవు. రంగును మానేసి చూసి, తరువాత వైద్యుడి సమక్షంలో మళ్లీ ఇచ్చి చూడడమే దారి. ఇలా టార్ట్రజిన్ పడనివాళ్లు పదివేల మందిలో ఒకరికంటే తక్కువ ఉండవచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ అంచనా. అంత తక్కువైనా, దాని పేరు పొట్లాల మీద విడిగా రాయాలని ఆ దేశం 1980 ప్రాంతంలోనే నిర్బంధించింది.

2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 297 మంది పిల్లలకు రంగులూ సోడియం బెంజోయేటూ కలిపిన పానీయాలు ఇచ్చి చూస్తే వాళ్లలో చంచలత్వం కొంత పెరిగింది. 2010 జూలై నుంచి ఐరోపాలో అలాంటి ఆరు రంగులున్న తినుబండారాల మీద హెచ్చరిక తప్పనిసరి అయింది. ఇది మెదడు సంగతి కదా, రోగనిరోధకతకు ఏం సంబంధమని నేనూ అనుకున్నాను. ఆ బృందమే 2010లో చెప్పిన సంగతి ఏమిటంటే, ఒంట్లో హిస్టమిన్‌ను విరగ్గొట్టే ఎంజైముకు సంబంధించిన జన్యువులో ఉండే తేడాలను బట్టి ఒక్కొక్క పిల్లవాడి మీద రంగుల ప్రభావం మారింది. మళ్లీ హిస్టమినే. ఒకే పళ్లెంలోని లడ్డూ తిన్న పదిమంది పిల్లల్లో ఒక్కడికే ఎందుకు తేడా చేస్తుందో దీన్ని చూస్తే కొంత అర్థమవుతుంది.

కడుపులోకి వెళ్లిన అజో రంగు ఏమవుతుందన్నది వేరే కథ. అందులోనూ ఒక పాత మలుపు ఉంది. 1932లో జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ ప్రోంటొసిల్ అనే ఎర్రరంగుతో ఎలుకల్లో సూక్ష్మక్రిముల జబ్బు నయం చేశాడు. గాజు గిన్నెలో అది క్రిములను ఏమీ చేయలేదు, ఒంట్లో మాత్రం చంపింది. ఎందుకని? 1935లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ వాళ్లు విప్పి చెప్పారు. ఒంట్లోకి వెళ్లాక ఆ అజో వంతెన తెగి, రంగులేని సల్ఫానిలమైడ్ విడివడుతోంది, మందు నిజానికి అదే. ఆ బృందంలో డేనియల్ బోవే అనే యువకుడున్నాడు. రెండేళ్ల తరువాత, 1937లో, హిస్టమిన్‌ను అడ్డుకునే తొలి మందును కనుగొన్నది ఆ బోవేనే. నాకు ఆ రోజు డాక్టరుగారిచ్చిన అవిల్ బిళ్ల ఆ వంశంలోదే.

వంతెనను తెంచగల పనివాళ్లలో మన పేగుల్లో కాపురముండే బాక్టీరియా ముఖ్యులు. తినే రంగుల్లో ఎక్కువ భాగం నీటిలో కరిగేవి, పేగు గోడ దాటి నెత్తుటిలోకి పెద్దగా చేరవు. అందువల్ల ప్రమాదం లేదని చాలాకాలం అనుకున్నారు. కాని పేగు గోడకు అవతల రోగనిరోధక కణాల దండు ఒకటి ఎప్పుడూ కాపలా కాస్తూ ఉంటుంది. 2021లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ పరిశోధకులు ప్రచురించిన పనిలో, ఎలుకలకు అల్యూరా రెడ్, సన్‌సెట్ ఎల్లో రంగులు తినిపించారు. మామూలు ఎలుకలకు ఏమీ కాలేదు. ఇంటర్‌ల్యూకిన్-23 అనే సంకేతపదార్థం అదుపు తప్పి ఎక్కువైన ఎలుకలకు మాత్రం పెద్దపేగు వాచి పుండు పడింది. పేగులోని బాక్టీరియా ఆ రంగులను విరగ్గొట్టగా వచ్చిన ముక్క ఒకటి అందుకు కారణమని తేల్చారు. సన్‌సెట్ ఎల్లో మన ఎనిమిదింటిలో ఒకటి, నారింజరంగు మిఠాయిలకు పెట్టింది పేరు.

మన దేశంలోనూ పని జరిగింది. లక్నోలోని విషశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లు 2013లో సన్‌సెట్ ఎల్లోను ఎలుక ప్లీహపు కణాలతో కలిపి చూశారు. కణాలు చావని మోతాదులోనే, వాటి పెరుగుదల తగ్గింది, అవి ఒకదానికొకటి పంపుకునే సంకేతాలూ తగ్గాయి. అంతకు ముందు ఏడాది, తిండిలో నిషిద్ధమైన ఆరెంజ్-2 మీద కూడా ఇలాంటి పనే చేశారు. ఇవి గాజుపళ్లెంలోని కణాలు. లడ్డూ తిన్న పిల్లవాడి ఒంట్లో అంత మోతాదు అలాగే కణాలకు చేరుతుందని దీని అర్థం కాదు. ఈ తేడా చెప్పకుండా భయపెట్టే రాతలు ఈమధ్య చాలా చూస్తున్నాను, అందుకని నొక్కి చెబుతున్నాను.

అయితే మన పిల్లలు అసలు ఎంత తింటున్నారు? దీనికి లెక్క తీసినవాళ్లు మన హైదరాబాదులోనే ఉన్నారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. నల్గొండ వాళ్లకు దానితో పాత బంధం ఉంది. ఫ్లోరైడు నీళ్లు తాగి మోకాళ్లు లోపలికి వంగిపోయిన మన పిల్లల గురించి 1973లో వైద్యపత్రిక లాన్సెట్‌లో రాసినది ఆ సంస్థ వైద్యులే. (ఫ్లోరైడుకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కడవలోని నీళ్లు తేటగా ఉన్నాయని మురిసి తాగిన జిల్లా మాది.) ఆ సంస్థలోనే ప్రతిమా రావు, రమేశ్ భట్ మొదలైనవారు 2000 తరువాతి ఏళ్లలో హైదరాబాదు పట్టణ ప్రాంతాల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ రంగువేసిన తినుబండారాలు సేకరించి పరీక్షించారు, ఏ వయసు పిల్లలు ఎంత తింటున్నారో అడిగి రాసుకున్నారు. 2008లో వచ్చిన వ్యాసం ప్రకారం, పరీక్షించిన 545 పదార్థాల్లో 90 శాతం అనుమతించిన రంగులతోనే చేసినవి. అంతవరకు సంతోషమే. కాని ఆ అనుమతించిన రంగులు వాడినవాటిలో 73 శాతంలో మోతాదు హద్దు మీరింది. ఒక మిఠాయిలో అయితే కిలోకు 18 వేల మిల్లీగ్రాముల పైచిలుకు! అయిదు గ్రాముల ముక్క నోట్లో వేసుకుంటే 90 మిల్లీగ్రాముల రంగు. కొందరు పిల్లల్లో టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, ఎరిత్రోసిన్ రోజుకు తినదగిన పరిమితిని దాటాయి.

ఎరిత్రోసిన్ విషయంలో హద్దు మీరాల్సిన పని కూడా లేదు. దాని పరిమితి కిలో బరువుకు రోజుకు 0.1 మిల్లీగ్రాము. పదిహేను కిలోల బరువున్న పిల్లవాడికి ఒకటిన్నర మిల్లీగ్రాములు. చట్టం ఒప్పుకున్న 100 మిల్లీగ్రాముల లెక్కనే వేసిన మిఠాయి అయినా, పదిహేను గ్రాములు తింటే ఆ రోజుకు సరి. మామ అచ్చులో తీసిన చిలుక అంతకంటే బరువే ఉండేది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎరిత్రోసిన్ పరిమితిని థైరాయిడ్ గ్రంథి మీద దాని ప్రభావం చూసి నిర్ణయించారు, దద్దుర్లను చూసి కాదు. పడనివాడి ఒంటికి ఆ లెక్కలు వర్తించవు. 2025 జనవరిలో అమెరికా ఈ రంగుకు తిండిలో అనుమతి రద్దు చేసినది కూడా మగ ఎలుకల్లో థైరాయిడ్ కంతుల వల్లనే. తయారీదారులకు 2027 జనవరి వరకు గడువిచ్చింది.

మిగిలిన 10 శాతంలో నిషిద్ధమైన రంగులున్నాయి, కొన్నిటిలో అవి ఒంటరిగా, కొన్నిటిలో అనుమతించినవాటితో కలిపి. మన బజారులో ఇలాంటివాటికి పేర్లు మారుతుంటాయి కాని తీరు మారదు. పసుపులో, కందిపప్పులో మెటానిల్ ఎల్లో కలపడం పాత రోగం. పసుపు కలిపిన నీళ్లలో కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే గులాబీరంగు తిరుగుతుంది. ఇంకొన్ని నీళ్లు పోస్తే రంగు పోతే అది మంచి పసుపు, పోకపోతే మెటానిల్ ఎల్లో. 2003లో ఫ్రాన్సులో భారతదేశపు మిరపపొడిలో సుడాన్ రంగు బయటపడింది. 2005లో బ్రిటన్‌లో ఆ రంగు కారణంగా వందలాది పదార్థాలను అంగళ్ల నుంచి వెనక్కు తీసుకున్నారు. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు పీచుమిఠాయిని నిషేధించాయి. అందులో దొరికినది రోడమిన్-బి, నూలుకూ కాగితానికీ వేసే గులాబీ. ఆ వార్త చదివినప్పుడు నాకు మామ చేతిలోని అగ్గిపెట్టెడంత పొట్లం కళ్లకు కట్టింది.

సహజమైన రంగులైతే భయం లేదనుకోవడమూ పొరపాటే. కొచినీల్ పురుగుల నుంచి తీసే కార్మైన్ ఎరుపు కొందరిలో ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ కలిగించింది. అది మామూలు పద్ధతిలో ప్రతిరక్షకాలతో వచ్చే అసలైన అలర్జీ, ఆ ఎరుపుతో పాటు మిగిలిపోయే పురుగు మాంసకృత్తుల వల్ల వచ్చేది. జాఫ్రా గింజల రంగుతోనూ అరుదుగా ఇబ్బందిపడినవాళ్లున్నారు. లాండ్‌స్టైనర్ కుందేళ్లకు పెరటి రంగూ కార్ఖానా రంగూ అన్న భేదం తెలియదు.

చెల్లెలికి నేను చెప్పిన సమాధానం ఇది: రంగు వల్ల కావచ్చు, ఆ పుట్టినరోజు కేకులోని గుడ్డు వల్లో, జీడిపప్పు వల్లో కూడా కావచ్చు. ఏ రోజు ఏం తిన్నాడో, పొట్లం మీద ఏ సంఖ్య ఉందో (టార్ట్రజిన్‌కు 102, సన్‌సెట్ ఎల్లోకు 110, ఎరిత్రోసిన్‌కు 127) ఒక పుస్తకంలో రాసిపెట్టుకుని అలర్జీ వైద్యుడికి చూపించు, పెదవులు వాచినా ఆయాసం వచ్చినా మాత్రం పుస్తకం వెతుక్కోకుండా ఆసుపత్రికి పరుగెత్తు. ఆమె రాస్తోంది. నాలుగు నెలల్లో రెండుసార్లు దద్దుర్లు వచ్చాయి, రెండుసార్లూ ఆ ముందు నారింజరంగు పానీయం ఉంది. వైద్యుడు పరీక్షకు తేదీ ఇచ్చాడు.

నా విషయంలో అలాంటి పరీక్ష చేసినవాళ్లెవరూ లేరు. మా మామ మాత్రం ఆ మరుసటి ఏడు జాతరకు ముందు తనంతట తానే ఒక తీర్పు చెప్పుకున్నాడు. రంగు కలపకముందే పాకంలో నుంచి ఒక గరిటెడు పక్కకు తీసి అచ్చుల్లో పోశాడు. ఆరు తెల్లచిలుకలు వచ్చాయి. ఒకటి నా చేతిలో పెట్టి, "నీకు ఇదే అల్లుడా, ఎర్రది ముట్టకు" అన్నాడు. మిగిలిన అయిదింటిని గులాబీ చిలుకల పక్కన వరుసగా పేర్చాడు. "తెల్ల చిలుకను ఎవ్వడు కొంటడు?" అని పక్క దుకాణం ఆయన నవ్వాడు. పొద్దుగూకే దాకా నేను అక్కడే కూర్చున్నాను. గులాబీవన్నీ అయిపోయాయి. తెల్లవి అయిదూ పెట్టినచోటనే ఉన్నాయి.